ఎవ్వరూ చావని సెలవు

ఆరేళ్ళలో బాలమణి తన మేనత్తను రెండుసార్లు చంపింది. ఒకసారి కూతురు పింకీని బడిలో చేర్పించడానికి. ఇంకోసారి తన కాళ్ళు లేవక. మేనత్త సిద్దిపేట దగ్గర నిక్షేపంగా ఉంది, ఇప్పటికీ రోజూ సాయంత్రం కల్లు తాగి నలుగురినీ తిట్టి పడుకుంటోంది. మామకు బాలమణి మూడుసార్లు పక్షవాతం తెప్పించింది. తమ్ముడిని ఒకసారి బండి మీంచి పడేసింది.

ఇళ్ళల్లో పనిచేసే ఆడమనిషికి ఒక రోజు కావాలంటే ఎవరో ఒకరు చావాలి. లేదా చావు అంచు దాకా వెళ్ళి రావాలి. ఈ చట్టం ఎక్కడా రాసిలేదు. రాసి ఉన్న చట్టాలన్నిటికంటే గట్టిగా, కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ప్రతి అపార్ట్‌మెంట్‌లో అమలవుతోంది.

ఈసారి ఆమె ఎవరినీ చంపదలచుకోలేదు. జూలై చివర్లో, డి బ్లాక్ తొమ్మిది వందల నాలుగో ఫ్లాట్ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ నేరుగా చెప్పింది.

"మేడం, పంద్రాగస్టుకు మూడు రోజులు రాను. శుక్కురారం, శనివారం, ఐతారం."

అశ్విని డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు ఉంది. కడప నుంచి వచ్చి పదేళ్ళుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఎందుకు? ఊరికి పోతాండావా?"

"లే."

"ఎవరికన్నా బాగలేదా?"

"అందరు మంచిగున్నరు."

"పెండ్లా?"

"లే మేడం. ఇంట్ల ఉంట."

ఇప్పుడు అశ్విని తల ఎత్తింది. "ఇంట్లో ఏముంది?"

"పిల్లలున్నరు."

అశ్వినికి అర్థం కాలేదు. జ్వరం అర్థమవుతుంది, చావు అర్థమవుతుంది, పెళ్ళి అర్థమవుతుంది. మంచిగా ఉన్న పిల్లల దగ్గర మంచిగా ఉన్న తల్లి ఊరికే కూర్చోవడం అర్థం కాదు. "సరేలే, చూద్దాం" అని మళ్ళీ లాప్‌టాప్‌లో పడింది.

చూద్దాం అంటే మేడం లెక్కలో కుదరదని. బాలమణి లెక్కలో ఒప్పుకున్నట్టే. పదిహేను రోజులు ఇద్దరూ ఎవరి అర్థం వాళ్ళు పట్టుకుని తిరిగారు.

బాలమణి ఇల్లు చందానగర్ స్టేషన్ వెనక బస్తీలో ఒక గది, పైన రేకులు. భర్త తిరుపతి జీడిమెట్లలో మందుల కంపెనీలో డబ్బాలు కడతాడు. పింకీ రెండో తరగతి. శ్యామ్‌కు నాలుగేళ్ళు. బాలమణి పొద్దున ఏడుకు ఇల్లు దాటుతుంది, ఎనిమిదికి ఫ్లాట్‌లో ఉంటుంది, అశ్విని కూతురు రెండేళ్ళ యశస్వినికి నీళ్ళు పోసి, తినిపించి, ఆడించి, నిద్రపుచ్చి, మధ్యలో వంటా ఇల్లూ చూసి రాత్రి ఏడు గంటలకు తిరిగొస్తుంది. ఆదివారం ఒంటిపూట. శ్యామ్ అంగన్‌వాడీలో, ఆ తర్వాత పక్కింటి ముసలామె గుమ్మంలో పెరుగుతున్నాడు.

సెలవుల కోసం పింకీ ఒక్కటే షరతు పెట్టింది.

"మూడు రోజులు నువ్వు చీర కట్టొద్దు. నైటీ మీదనే ఉండాలె."

"ఎందుకే?"

"చీర కడితే పోతవ్."

ఏడేళ్ళ పిల్ల లోకాన్ని చూసి నేర్చుకున్న సూత్రం అది. అందులో తప్పు ఒక్కటీ లేదు.

శుక్రవారం పొద్దున ఎవరూ లేవలేదు. రేకుల మీద వాన పడుతోంది. పింకీ ఒక్కతే లేచి పాఠశాలకు వెళ్ళి జెండా ఎగరగానే చాక్లెట్ తీసుకుని పరుగున వచ్చి, తల్లి నైటీలోనే ఉందా లేదా అని గుమ్మంలోంచే చూసుకుని, తడిసిన బట్టలతో మళ్ళీ దుప్పట్లో దూరింది. తొమ్మిదైంది. బాలమణి ఒంట్లో ఇంకా ఎనిమిది గంటల గంట కొడుతూనే ఉంది. రెండుసార్లు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. రెండుసార్లూ శ్యామ్ నైటీ పట్టుకుని కిందికి లాగాడు.

పది గంటలకు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గంజు అడుగున చేత్తో అద్ది, వేళ్ళతో బొక్కలు పొడిచింది. శ్యామ్ కూడా వేలు పెట్టి పొడుస్తానన్నాడు. ఫ్లాట్‌లో యశస్విని పిండిలో చెయ్యి పెడితే బాలమణి నవ్వుతూ కడుగుతుంది, అది జీతంలో భాగం. ఇక్కడ రోజూ కసిరేది, ఎందుకంటే టైం లేదు. ఇవాళ టైం ఉంది. వాడు పదకొండు బొక్కలు పొడిచాడు. అందులో నాలుగు చిరుగులు.

మధ్యాహ్నం బాలమణి పింకీ తల ఒళ్ళో పెట్టుకుని పేన్లు చూస్తోంది. పింకీ చేతిలో తల్లి ఫోన్. తిరుపతి మూలన పడుకుని కాళ్ళు గోడకు ఆనించాడు. వానకు తలుపు సగం వేసి ఉంది. ఇంతకంటే గొప్ప సెలవు ఏ రిసార్ట్‌లోనూ దొరకదు.

"అమ్మా, నీ బిల్డింగ్ గ్రూపుల మెసేజ్ వచ్చింది" అంది పింకీ.

డి బ్లాక్ సెక్రటరీ రవికిరణ్ పెట్టిన వాట్సాప్ గ్రూపు అది. ఫ్లాట్ల వాళ్ళూ ఉంటారు, పనివాళ్ళూ ఉంటారు, నూటముప్పై మంది. లిఫ్ట్ చెడిపోయిందనీ, నీళ్ళు రావనీ చెప్పడానికి. పింకీ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"డి... తొమ్మిది సున్న నాలుగు. బాలమణి. త్రీ డేస్... నా... గ. అమ్మా, నువ్వు మూడు రోజులు నాగవంట. నాగ అంటే పాము గదా?"

తిరుపతి కళ్ళు మూసుకునే నవ్వాడు. "కరెక్టే రాసింది మేడం. నాకు పెండ్లైన కాడినుంచి తెలుసు."

బాలమణి నవ్వలేదు. "పాము కాదు బిడ్డా. నాగా. ఇంకేం రాసింది?"

"ఎవరన్న బదులు వస్తరా అని."

నాగా. పాలవాడు రాకపోతే నాగా. పేపరు రాకపోతే నాగా. బాలమణి రాకపోతే నాగా. పాల ప్యాకెట్టూ, పేపరూ, బాలమణీ ఒకే వరస. అదే ఫ్లాట్‌లో మేడం భర్త సురేంద్ర సారు ఆఫీసుకు వెళ్ళకపోతే దానికి లీవు అని పేరు. మూడు రోజులు కలిసొస్తే లాంగ్ వీకెండ్ అని పేరు. పేరు మారేసరికి అదే మూడు రోజులు ఒకరికి హక్కు, ఇంకొకరికి ఎగవేత.

"ఫోనియ్యే" అంది బాలమణి. టైపు చెయ్యడం రాదు. మైకు గుర్తు మీద బొటనవేలు నొక్కి పట్టుకుంది.

"అశ్విని మేడం, జర ఇనుండ్రి. నాగా అంటే చెప్పకుండ ఎగ్గొట్టుడు. నేను చెప్పిన. పదిహేను దినాల ముందు మీ మొకం మీదనే చెప్పిన. మీ సారు పోకుంటె లాంగ్ వీకెండ్ అంటరు గదా, నాది గూడ లాంగ్ వీకెండే. నాగా అని రాయకుండ్రి. మా ఇంట్ల ఎవ్వరు సావలే, ఎవ్వలికి జరం రాలే. అందరు మంచిగున్నరనే ఇంట్లున్న. మంచిగున్నప్పుడు ఉండొద్దా?"

వెనక శ్యామ్ గట్టిగా, "అమ్మా, ఉచ్చొస్తుంది!" అన్నాడు. బాలమణి బొటనవేలు తీసేసింది. మెసేజ్ పోయింది.

శ్యామ్‌ను బయటికి తీసుకెళ్ళి తెచ్చేసరికి ఫోన్ మోగుతోంది. సుగుణ. అదే బ్లాక్‌లో పదకొండో అంతస్తులో వంట చేస్తుంది.

"ఏందే పోరీ, మొత్తం బిల్డింగ్‌కు ఇనిపిచ్చినవ్!"

"ఏం ఇనిపిచ్చిన?"

"గ్రూపుల పెట్టినవే! మా మేడం హాల్ల కూసోని ఇంటుంది. నీ పోరగాని ఉచ్చ దాక అన్ని ఇన్నరు. అందరు నవ్వుతున్నరు. రవికిరణ్ సార్ తిడుతున్నడంట. జల్ది తీసెయ్!"

బాలమణి ఫోన్ కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసింది. అశ్వినికి పంపాననుకుంది. పింకీ తెరిచిపెట్టిన గ్రూపులోనే మాట్లాడేసింది. రోజూ కిందినుంచి పై అంతస్తుకు కూరగాయలు మోసే మనిషి, నూటముప్పై మంది చెవిలో నోరుపెట్టి అరిచింది.

తిరుపతి లేచి కూర్చున్నాడు. "తీసెయ్యే. జర సోచాయించు. గేటు కాడ మిషన్ల నీ నంబర్ ఆపేస్తె ఏ ఫ్లాట్‌లకు గూడ పోరాదు. ఒక్క అశ్విని మేడమే కాదు, మొత్తం బిల్డింగ్ బంద్ అయితది."

"అందరికీ డిలీట్ కొట్టొచ్చు అమ్మా" అంది పింకీ, ఫోన్ అందుకుని. "గిక్కడ నొక్కితె పోతది. ఎవ్వలికి కనపడదు. కొట్టాల్నా?"

పింకీ వేలు తెర మీద ఆగి ఉంది. తెలియక చేసిన పనికి బాధ్యత లేదు, నవ్వేసి చెరిపేయొచ్చు. సోమవారం గేటు దగ్గర, "పొరపాటైంది సార్, చదువు రానోళ్ళం" అంటే రవికిరణ్ కూడా వదిలేస్తాడు. ఆ మాటలు ఆమె నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. బాలమణి వాటిని మింగింది.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" అని అడిగింది. ఎవర్ని అడిగిందో తెలియదు.

"లే" అంది పింకీ.

"ఉండనియ్. చెరపకు."

"బాలమణీ..." అన్నాడు తిరుపతి.

"ఉండనియ్ అన్న గదా. తెల్వక పెట్టిన, ఇప్పుడు తెలిసి ఉంచుతున్న. అటు తిరుగు బిడ్డా, ఇంకో దిక్కు చూడాలె."

మళ్ళీ పేన్లు చూడసాగింది. ఒక్కటి కూడా తప్పించుకోలేదు.

శనివారం కూడా వాన ఆగలేదు. పదకొండు గంటలకు నేలమీద సుద్దతో గీసిన అష్టాచెమ్మ గళ్ళ మీద చింతగింజలు వేసి పింకీ తండ్రిని చిత్తుగా ఓడిస్తోంది. తిరుపతికి ఆ పూట డ్యూటీ లేదు. అప్పుడు గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడు. అశ్విని. చంకలో యశస్విని. సందులో కారు పట్టక, బురదలో నడిచొచ్చింది. చెప్పులు మోకాళ్ళ దాకా బురద చిమ్మాయి.

తిరుపతి చింతగింజలు వదిలి లేచి నిలబడ్డాడు. బాలమణి నైటీ మీద తువ్వాలు కప్పుకుంది. అంతే. చీర వైపు చూడలేదు. పింకీ మాత్రం ఆ దండెం మీది చీర ముందుకెళ్ళి నిలబడింది.

"రండ్రి మేడం. కూసోండ్రి."

ఉన్న ఒక్క కుర్చీలో అశ్విని కూర్చుంది. యశస్విని తల్లి ఒళ్ళోంచి జారి ఒక్క పరుగున బాలమణి మెడ పట్టుకుంది. బాలమణి ఎత్తుకుంది. ఎత్తుకోక ఏం చేస్తుంది? పిల్లకు కోపతాపాలుండవు. సర్వపిండి ముక్క తుంచి చేతిలో పెట్టింది. శ్యామ్ తన తల్లి ఒళ్ళో కూర్చున్న కొత్త పిల్లను కన్నార్పకుండా చూశాడు.

"చూడు, నువ్వు లేకుంటే ఉండలేకపోతాంది" అంది అశ్విని. గొంతులో కోపం లేదు, నిద్రలేమి ఉంది. "రాత్రంతా ఏడ్చింది. మా ఆడబిడ్డ వాళ్ళు ఆరుగురు ఒంటిగంటకు దిగుతాండారు. నాకు ఆఫీసు కాల్స్. రెండు గంటలు వచ్చి పో బాలమణీ. రెండు గంటలేలే."

"మీకు గూడ సెలవు లేదా మేడం?"

"యాడ సెలవు? మా ప్రాజెక్టులో ఎవరో ఒకరు ఉండల్ల. నిన్న ఒక్క రోజు తీసుకోడానికే యశూకి జ్వరమని చెప్పినా మా మేనేజర్‌కు."

బాలమణి ఒళ్ళోని పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

"పాలు తాగే పిల్లకు జరమని నోటితోని ఎట్ల అన్నరు మేడం? గంతకన్న మా మేనత్తను చంపుడే నయం."

అశ్విని నోరు తెరిచింది. "అంటే... మీ అత్త చనిపోలేదా?"

"గట్టిగుంది. మూడోసారి చంపబుద్ధి కాలే. గందుకే మీకు నిజం చెప్పిన. నిజం చెప్తె నాగా అన్నరు."

తిరుపతి తలపట్టుకున్నాడు. అశ్వినికి నవ్వు వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ముఖం భలే ఉంటుంది.

"సరే, ఆ మాట తప్పే అనుకో. ఇప్పుడు రా. ఆటో కూడా వద్దు, కార్లో పోదాం. నువ్వు లేకుంటే పిల్ల అన్నం తినదు."

"మీ పిల్ల రెండు దినాలు నేను లేక ఏడ్చింది. మీకు నిద్రలేదు, నాకు తెలుస్తుంది" అంది బాలమణి. "మా శ్యామ్ నాలుగేండ్లసంది నేను లేకుండనే ఉంటుండు. వాడెప్పుడు ఏడుస్తడో, ఎట్ల ఊకుంటడో నాకు తెల్వదు. నిన్ననే చూసిన. వానికి ఏడుపొస్తె పోయి గోడకు మొకం పెట్టి నిలవడతడు. పక్కింటామె నేర్పిందంట."

అశ్విని ఒకసారి శ్యామ్ వైపు చూసింది.

"రెండు గంటలే" అంది అశ్విని మళ్ళీ. ఆ మాట తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

"రాను మేడం."

"అట్లయితే సోమవారం కూడా రావద్దు." అశ్విని లేచి పిల్లను లాక్కుంది. "గేటు దగ్గర నీ నంబర్ తీయిస్తా. గ్రూపులో అందరి ముందర నా పరువు తీసింది చాలదా? మంచిగా పిలవడానికొస్తే కూడా..." మిగతాది పిల్ల ఏడుపులో కలిసిపోయింది. యశస్విని చేతులు చాచి అరుస్తూనే సందు మలుపు తిరిగింది.

బాలమణి గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళు వెనకాలే పరిగెత్తుతామంటున్నాయి. ఆరేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? తలుపు చౌకట్ పట్టుకుని నిలబడింది.

"మస్తు పరేషాన్ అయితది చూడు ఇగ" అన్నాడు తిరుపతి.

"అయితె అవనియ్."

పింకీ దండెం ముందు నుంచి కదిలింది. చీర తీసి, మడత సరిచేసి, తల్లికి అందించింది. "పో అమ్మా. రెండు గంటలే గదా. మేం ఉంటం. తమ్మున్ని నేను చూసుకుంట."

మేడం బెదిరింపుకు బాలమణి చలించలేదు. ఈ పిల్ల మంచితనానికి లోపల ఎక్కడో తెగింది. ఏడేళ్ళకే సర్దుకోవడం నేర్చింది. ఇంకో ఏడేళ్ళు పోతే ఇదే గొంతుతో "సరే మేడం" అంటుంది. బాలమణికి అది కనిపించింది, స్పష్టంగా కనిపించింది.

చీర లాక్కుని దండెం మీదికి విసిరింది. "ఎవ్వలు అడిగినా పో అనకు. నేను అడిగినా గూడ. తెలిసిందా? కూసో. ఎవలి పందెం ఇప్పుడు?"

"నాన్నది" అంది పింకీ, చింతగింజలు తండ్రి ముందుకు తోస్తూ.

సాయంత్రం సుగుణ మళ్ళీ ఫోన్ చేసింది. అశ్విని మేడం బదులు మనిషి కోసం నలుగురిని అడిగిందట. నలుగురూ పోలేదు.

"నిజంగనా?" బాలమణి మొహం వెలిగింది. "ఏమని చెప్పిన్రు?"

"ఒకామె జరమన్నది. ఒకామె కాలు బెణికిందన్నది. లక్ష్మి వాళ్ళ తాత సచ్చిండన్నది."

"థూ, మీ బతుకుల్ల మన్నువడ! మళ్ళ గదేనా? పోము అని చెప్పరాదా నోరుతెరిచి?"

"నేను చెప్పిన" అంది సుగుణ. "మా మేడం మధ్యాహ్నం పో అంటె, పోను అన్న. ఎందుకు అన్నది. ఊరికే అన్న. బాలమణీ, నాకైతే గుండె దడదడలాడింది గాని... మంచిగనిపించిందే."

ఇద్దరూ చాలాసేపు ఊరికే నవ్వుకున్నారు. నలుగురిలో ముగ్గురు అబద్ధమాడారు, ఒక్కతే నిజం చెప్పింది. విప్లవం అనడానికి లేదు. అయినా తొమ్మిది వందల నాలుగులో ఆ పూట ఆరుగురు చుట్టాలు తిన్న గిన్నెలు సురేంద్ర సారు తోమాడని పదకొండో అంతస్తు దాకా వార్త పాకింది.

ఆదివారం వాన తగ్గింది. బాలమణి కోడిగుడ్ల పులుసు పెట్టింది. తిరుపతి శ్యామ్‌ను భుజాలమీద కూర్చోబెట్టుకుని పట్టాల దాకా వెళ్ళి రైళ్ళు చూపించి తెచ్చాడు. సోమవారం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది గదిలో ఐదో మనిషిలా కూర్చుని ఉంది, అయినా దానికి ఎవరూ కంచం పెట్టలేదు.

నాలుగు గంటలకు ఫోన్ టింగుమంది. అశ్విని. ఎప్పుడూ టైపు చేసే మనిషి మొదటిసారి మాట్లాడి పంపింది. వెనక యశస్విని రాగం తీస్తోంది.

"బాలమణీ, రేపు రా. నంబర్ ఏం తీయించలేదులే. ఎనిమిదికి రా."

తప్పైందని లేదు. మాట తూలానని లేదు. తిరుపతి గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. సరే మేడం అని చెప్పు. జల్ది చెప్పు."

బాలమణి ఫోన్ తీసుకుంది. ఈసారి పేరు రెండుసార్లు సరిచూసుకుంది. మైకు నొక్కింది.

"వస్త మేడం. ఎనిమిదికి కాదు, తొమ్మిదిన్నరకు. పింకీని బడికాడ తోలి వస్త. రోజు గంతే ఇగ."

తిరుపతి నోరు తెరుచుకునే ఉంది. "గిదెక్కడిదే? గెలిచినంక ఊకోవాలె గాని!"

"గెలిచినంకనే అడగాలె. ఓడినోళ్ళకు ఎవలిస్తరు?"

రెండు నీలం గీతలు పడ్డాయి. అశ్విని విన్నది. జవాబు రాలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. బాలమణి ఫోన్ ఆపేసి బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టింది. రేపు గేటు దగ్గర మిషన్ ఆకుపచ్చ దీపం వెలిగిస్తుందో ఎర్ర దీపం వెలిగిస్తుందో రేపు చూడొచ్చు. ఇంకా సాయంత్రం మిగిలి ఉంది.

పింకీ తల్లి ముందుకొచ్చి నిలబడింది. "నిజంగనే బడికి వస్తవా?"

"అన్నంక వచ్చుడే."  తర్వాత కాస్త సిగ్గుపడుతూ అడిగింది. "గని ఏ సందులకెల్లి పోతవే నువ్వు? చేర్పిచ్చిననాడు ఆటోల పోయినం. నాకు తొవ్వ యాదికి లేదు."

పింకీ సుద్దముక్క తీసుకుంది. అష్టాచెమ్మ గళ్ళను కాలితో తుడిచేసి, నేలమీద పొడవుగా ఒక గీత గీసింది.

"గిది మన ఇల్లు. గీడికెల్లి సీదా పోతె ట్రాన్స్‌ఫార్మర్ వస్తది. దాని దగ్గర నడవొద్దు, నీళ్ళుంటయ్. గీడ మలగాలె. గిక్కడ మూడు కుక్కలుంటయ్. ఉరకొద్దమ్మా, ఉరికితె ఎంటవడ్తయ్. మెల్లగ నడవాలె. నా చెయ్యి పట్టుకో, ఏం కాదు."